పది యూనివాలెంట్లు, ఒక్క ముక్కా లేదు

మియోసిస్‌లో (పుప్పొడి, అండాల కోసం జరిగే కణవిభజనలో) క్రోమోజోముల జంటలు కణం మధ్యన బారులు తీరే దశ మెటాఫేజ్ 1. ఆ దశలోని కణంలో ఐదు జంటలు కనబడాల్సిన చోట పది క్రోమోజోములు జత లేని యూనివాలెంట్లుగా, విడివిడిగా, చెల్లాచెదురుగా. ఈరోజు చూసిన స్లైడ్ క్రోమోజోములు జత కట్టడానికి కావాల్సిన డీఎంసీ1 ప్రొటీన్ లేని అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క) మొక్కది.

జత కట్టకపోవడం అనుకున్నదే. చూపు నిలిచింది మరోచోట: ఒక్క క్రోమోజోమూ విరగలేదు. మియోసిస్‌లో స్పో11 అనే ప్రొటీన్ డీఎన్ఏకు పెట్టిన గాట్లన్నీ పూడిపోయాయి. మామూలు మొక్కలో అవి కణానికి వంద పైనే ఉంటాయి, క్రాసోవర్లుగా (జంట క్రోమోజోముల మధ్య భాగాల మార్పిడిగా) మారేవి మాత్రం ఓ పది.

డీఎంసీ1 లేకపోతే గాట్లు పూడ్చే పని ఆర్ఏడీ51 అనే మరో ప్రొటీన్ అందుకుంటుంది. కాకపోతే పక్కనున్న సోదరి క్రోమాటిడ్‌నే (అదే క్రోమోజోము నకలునే) నమూనాగా తీసుకుంటుంది. గాటు మానుతుంది, జత కుదరదు. అదే ఆర్ఏడీ51 లేని మొక్కలో అయితే క్రోమోజోములు ముక్కలు ముక్కలు. దాంతోపాటు స్పో11ని కూడా తీసేస్తే ఆ ముక్కలు మాయం, అసలు గాట్లే పడవు కనుక. ఈ రుజువు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

స్లైడ్లు చేసేవాళ్లకు ఒక మాట: పరాగకోశాలు పసుపు తిరిగిన మొగ్గలు పక్కన పెట్టేయండి, వాటిలో మియోసిస్ దాటిపోయింది. ఫిక్సేటివ్ (కణాలను ఉన్నదున్నట్టు నిలిపే ద్రావణం) మూడు పాళ్లు ఇథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం. అప్పటికప్పుడు కలుపుకోవాలి.