నాన్న సిస్టమ్‌లో లినక్స్, 214 తెలుగు ఫైళ్లు

మా ఇంటి కంప్యూటర్ అంటే నిజానికి నాన్న కంప్యూటరే. ఇల్లు తెనాలిలో, నేనుండేది హైదరాబాద్‌లో, ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాన్న జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆ ఏడాదే, 2016లో, ఈ సిస్టమ్ కొన్నాం. ఇంటెల్ 6వ తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. శతక పద్యాలకు ఆయన రాసుకున్న వ్యాఖ్యానాలు, సొంత పద్యాలు, అవధానాలకు వెళ్లి విని ఇంటికొచ్చాక గుర్తున్నంతవరకు ఎక్కించుకున్న పూరణలు, అన్నీ అందులోనే ఉన్నాయి. అంతకుముందు బజార్లో డీటీపీ సెంటర్‌లో టైప్ చేసుకున్నవి కూడా సీడీల మీద నుంచి ఇందులోకే వచ్చాయి. మొత్తం 214 ఫైళ్లు. మొన్న ఒక్కొక్కటే తెరిచి చూశాను కాబట్టి ఈ లెక్క తెలిసింది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ సంగతి తెర మీద మెసేజ్‌గా వచ్చేసరికి నాన్న ఫోన్ చేశారు. "అమ్మాయీ, దీని గడువు అయిపోయిందంటోంది, నా ఫైళ్లన్నీ ఏమైపోతాయి?" ఫైళ్లకేమీ కాదు, సిస్టమ్ కూడా ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు రావు, అంతే అని చెప్పాను. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు ఇంకో ఏడాది పొడిగింపు ఉందని కూడా చెప్పాను. "ఆ తర్వాత?" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే 8వ తరం నుంచి పైది ఉండాలి. మాది 6వ తరం. షాపులో అడిగితే కొత్తది కొనమన్నారు. కానీ ఈ సిస్టమ్‌కి ఏ రోగమూ లేదు. నాన్న టైప్ చేసేది, అమ్మ ప్రవచనాలు వినేది, అక్కతో వీడియో కాల్ మాట్లాడేది, అన్నీ దీంట్లోనే నడుస్తున్నాయి. బాగా పనిచేస్తున్న వస్తువును తీసుకెళ్లి మూలన పెట్టడానికి మనసొప్పలేదు.

దీపావళికి ఊరెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ ఎక్కించుకుని వెళ్లాను, విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగే లినక్స్‌లో అదొక రకం. నాకూ లినక్స్ కొత్తే, ఆఫీసులో ఒక కొలీగ్ ఇంట్లో వాడుతుంటే చూడటమే. మింట్‌లో మూడు రకాలున్నాయి. 4 జీబీ ర్యామ్‌కి తేలికగా ఉంటుందని ఎక్స్ఎఫ్‌సీఈ రకం తీసుకున్నాను, 22.2 వెర్షన్. దీనికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా నడుస్తుంది, హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోదు. మార్చాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లు ముందు ఇలా రెండు రోజులు వాడి చూడాలని గట్టిగా చెప్తాను. నెమ్మదిగా ఉంటుంది కానీ వైఫై పట్టిందా, సౌండ్ వచ్చిందా, కెమెరా పనిచేసిందా అన్నవి అక్కడే తేలిపోతాయి. మాకు మూడూ పనిచేశాయి.

నాన్న మాత్రం వైఫై గురించి అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "తెలుగు ఎక్కడ?" అన్నారు.

ఇరవై ఏళ్లుగా ఆయన వేళ్లకు అలవాటైంది యాపిల్ కీబోర్డ్ లేఔట్. యాపిల్ కంపెనీ సిస్టమ్ మా ఇంట్లో ఎప్పుడూ లేదు, మన డీటీపీ సెంటర్లలో అందరూ పిలిచే పేరది. ఏ అక్షరం ఏ మీట మీద ఉందో చూడకుండా కొడతారు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే పద్ధతి నాకు సుఖం, ఆయనకు మాత్రం అస్సలు పడదు. "క రాయడానికి నేను కె ఎందుకు కొట్టాలి?" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది.

లినక్స్‌లో భాషల టైపింగ్‌కి ఐబస్ అని ఒకటుంది. దానికి తోడు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్, ఇలా చాలా లేఔట్లు వస్తాయి. యాపిల్ అన్న పేరు చూడగానే నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. ఆయన కూర్చుని ఒక కంద పద్యం మొదలుపెట్టారు. కొన్ని మీటలు పాతదానిలా లేవు, రెండు మూడు చోట్ల ఒత్తు ఇవ్వడానికి వెతుక్కున్నారు. నాలుగో పాదానికి వచ్చేసరికి వేగం అందుకున్నారు. పద్యం అయ్యాక నా వైపు తిరిగి "ఫరవాలేదు" అన్నారు. మా నాన్న నోట ఆ మాట వచ్చిందంటే ఒప్పుకున్నట్టే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాను, అది చాలా మంచిదయింది. పాత హార్డ్‌డిస్క్ జోలికి వెళ్లలేదు. రెండు వేలు పెట్టి చిన్న ఎస్ఎస్‌డీ కొని, పాత డిస్క్ కేబుల్ పీకేసి, కొత్తదాంట్లోనే మింట్ వేశాను. పొరపాటున తప్పు బటన్ నొక్కినా నాన్న ఫైళ్లు పోయే అవకాశమే లేదు. అంతా అయ్యాక పాత డిస్క్ కేబుల్ మళ్లీ పెట్టాను. విండోస్ కావాలంటే ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలోకి వెళ్లి ఆ డిస్క్ ఎంచుకోవాలి, అంతే. అయినా మొదలుపెట్టేముందు ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి ఒక కాపీ తీశాను. మీరు ఎస్ఎస్‌డీ కొన్నా కొనకపోయినా ఈ కాపీ మాత్రం తప్పనిసరిగా తీయండి.

ఆ తర్వాత రెండు చిక్కులు వచ్చాయి, మన దగ్గర మారే చాలామందికి ఇవి ఎదురవుతాయి కాబట్టి రాస్తున్నాను. మొదటిది గడియారం. సాయంత్రం 7 గంటలకు విండోస్‌లోకి వెళ్తే మధ్యాహ్నం 1:30 చూపించింది. కంప్యూటర్ లోపల బోర్డు మీదున్న గడియారంలో లినక్స్ గ్రీనిచ్ సమయాన్ని పెడుతుంది, విండోస్ అదే మన సమయం అనుకుంటుంది. మనకు, గ్రీనిచ్‌కి తేడా ఐదున్నర గంటలు కదా, సరిగ్గా అంతే వెనక్కి వెళ్లింది. మింట్‌లో టెర్మినల్ తెరిచి, గడియారాన్ని స్థానిక సమయంలో పెట్టమని ఒక్క కమాండ్ ఇస్తే సరిపోయింది. రెండోది, మింట్‌లో పాత డిస్క్ తెరుచుకుంటోంది, చదవనిస్తోంది కానీ రాయనివ్వట్లేదు. నాన్నకి చాలా టెన్షన్ వచ్చింది, డిస్క్ పాడైందనుకున్నారు. పాడవలేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, అందుకని లినక్స్ ఆ డిస్క్ మీద రాయకుండా జాగ్రత్త పడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి అది తీసేస్తే సర్దుకుంది.

ప్రింటర్ దగ్గర మాత్రం ఓడిపోయాం. పాత లేజర్ ప్రింటర్, రెండు సాయంత్రాలు దాని మీదే కూర్చున్నా కాగితం బయటికి రాలేదు. ఇప్పటికి పీడీఎఫ్ చేసుకుని విండోస్‌లోకి వెళ్లి తీసుకుంటున్నాం. ఈమధ్య వస్తున్న ప్రింటర్లలో చాలావాటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు, కొనేవాళ్లు ఆ ఒక్క విషయం అడిగి కొనుక్కోండి. నా ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా మార్చను, ట్యాలీ విండోస్‌లోనే నడుస్తుంది. అమ్మకి తేడా పెద్దగా తెలియలేదు, క్రోమ్ బొమ్మ ఉన్న చోటే ఉంది.

అసలు పని అప్పుడు మొదలైంది.

నాన్న పాత ఫైల్ ఒకటి లిబ్రెఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటిదే, ఉచితం) తెరిచాను. తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, ఏ భాషా కాని వరసలు. నాన్న ముఖం చూడలేకపోయాను. లినక్స్ వేసి తప్పు చేశానా అనిపించింది ఒక నిమిషం. కానీ ఇందులో లినక్స్ తప్పేమీ లేదు. ఆ రోజుల్లో డీటీపీకి వాడిన తెలుగు ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో దాచేవి. అంటే ఫైల్‌లో ఉన్నది తెలుగు కాదు, ఆ ఫాంట్ తొడిగితే తెలుగులా కనిపించే ఇంగ్లిష్ గుర్తులు. ఫాంట్ లేని ఏ సిస్టమ్‌లో తెరిచినా ఇదే కథ, విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నా ఇదే చూసేవాళ్లం. ఆ ఫాంట్లను నేను తక్కువ చేయడం లేదు, మన పెళ్లి శుభలేఖల నుంచి పాఠ్యపుస్తకాల గైడ్ల దాకా ఎన్నో ఏళ్లపాటు తెలుగు అచ్చయింది వాటితోనే. కానీ ఒక మనిషి ఇరవై ఏళ్ల రాత ఒక ఫాంట్ ఫైల్ మీద ఆధారపడి ఉందని ఆ రోజు దాకా మాలో ఎవరికీ తెలియదు.

అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి పద్ధతి అయిన యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంఖ్య ఉంటుంది, ఫాంట్ ఏదైనా ఆ అక్షరం అదే. యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చినప్పుడే తెలుగు అందులో ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ గురించి మొదటిసారి ప్రకటించింది కూడా ఆ ఏడాది ఆగస్టులోనే. ఇది చెప్తే నాన్న, "మరి నాకు ఎవరూ చెప్పలేదేం?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. డీటీపీ సెంటర్‌లో నేర్చుకుని, అదే తెలుగు టైపింగ్ అనుకుని, పుస్తకాలకు పుస్తకాలు టైప్ చేసుకున్న రిటైర్డ్ మాస్టార్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లందరి ఫైళ్లూ ఇలాగే ఉంటాయి.

మార్పు ఇలా చేస్తున్నాం. ముందు పాత ఫాంట్‌ని మింట్‌లోకి కూడా కాపీ చేశాను, దాంతో పాత ఫైళ్లు కనిపించడం మొదలైంది. డీటీపీలో వాడిన పేజ్‌మేకర్ ఫైళ్లను లిబ్రెఆఫీస్‌లోని డ్రా తెరిచింది, పేజీ అమరిక చెదిరింది కానీ మాటలు దక్కాయి. ఆ మాటలను కాపీ చేసి, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో పెట్టి, వచ్చినదాన్ని నాన్న మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. చదవకుండా వదిలేస్తే కుదరదు. మామూలు వచనం బాగానే మారుతుంది, పద్యాల్లోనే తప్పులు దొర్లుతాయి. అరసున్నలు ఎగిరిపోతాయి, బండి ఱ మామూలు ర అయిపోతుంది, ఒక్కోచోట ఒత్తు పక్క అక్షరానికి అతుక్కుంటుంది. ప్రాస తప్పిందని ఆయనకు కంటితో చూడగానే తెలుస్తుంది, ఆ పని నేను చేయలేను. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఉండాలంటే కంట్రోల్, షిఫ్ట్, యూ మూడూ కలిపి నొక్కి 200సీ కొట్టి ఎంటర్ ఇవ్వాలి. ఆ సంగతి ఒక చీటీ మీద రాసి మానిటర్ కింద అంటించుకున్నారు.

ఫాంట్ల దగ్గర నేను అనుకోని సంతోషం ఒకటి దొరికింది. తెలుగువిజయం పేరుతో ఒక ఫాంట్ ప్యాకేజీ ఉంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికి వేశాను, ఉచితం. నాన్న ఫాంట్ల పట్టీ కిందికి జరుపుతూ ఆగిపోయారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు, గురజాడ. ఫాంట్ల పేర్లండీ ఇవి! తెనాలిలో కూర్చుని తెనాలి రామకృష్ణ ఫాంట్‌లో తన పద్యం చూసుకున్నారు ఆయన. అమ్మను వంటింట్లోంచి పిలిచి చూపించారు. ఇవన్నీ చేసినవాళ్లు, మెనూలను తెలుగులోకి అనువదించే స్వేచ్ఛ లాంటి సంస్థలవాళ్లు, వాళ్లెవరూ మమ్మల్ని ఎరుగరు, అయినా మా ఇంటిదాకా చేరింది వాళ్ల పని. మెనూలు తెలుగులో పెడితే కొన్ని మాటలు ఇంకా ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. నాన్న ఒక నోట్‌బుక్‌లో వాటికి తెలుగు మాటలు రాస్తున్నారు, ఎవరికి పంపాలో కనుక్కోమని నాకు చెప్పారు, కనుక్కుంటున్నాను.

పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్. మార్చిన వ్యాఖ్యానాలన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి, వెతకడం ఎలాగో నేర్పి వచ్చాను. పాత ఫైళ్లలో తెలుగు మాట వెతికితే ఎప్పుడూ దొరికేది కాదు, అందుకే ఆయన ఆ ప్రయత్నమే మానేశారట. ఆ రోజు "వెన్నెల" అని కొట్టారు. పదకొండు చోట్ల వచ్చింది. వాటిలో ఒకటి 2009లో రాసుకుని మర్చిపోయిన పద్యం. ఫోన్‌లోనే చదివి వినిపించారు, రెండో పాదం దగ్గర ఆగి, ఇక్కడ యతి కుదరలేదు, ఇప్పుడు దిద్దుతాను అన్నారు.

ఇంకా 73 ఫైళ్లున్నాయి. రోజుకు రెండు చేస్తున్నారు.