లెఫ్టినెంట్ పెద్దా, కెప్టెన్ పెద్దా?

సైనిక్‌పురిలో ఉండే మా పెద్దమ్మ మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది. చెల్లికి రెండు సంబంధాలొచ్చాయి, ఒకబ్బాయి ఆర్మీలో కెప్టెన్, ఇంకొకబ్బాయి నేవీలో లెఫ్టినెంట్. "ఒరేయ్, కెప్టెనే కదరా పెద్ద?" అంది. ఇద్దరిదీ ఒకటే హోదా అంటే నమ్మదే.

ఆమె తప్పేం లేదు. ఆర్మీలో లెఫ్టినెంట్ పైన కెప్టెన్, ఆ పైన మేజర్. నేవీలోనేమో లెఫ్టినెంట్ అంటేనే ఆర్మీ కెప్టెన్‌తో సమానం, నేవీ కెప్టెన్ ఏకంగా కల్నల్‌తో సమానం. ఎయిర్‌ఫోర్స్‌కి వస్తే, దుండిగల్‌లో ట్రైనింగయ్యి ఫ్లయింగ్ ఆఫీసర్లుగా బయటికొచ్చేవాళ్ల లెక్క వేరే, అక్కడ ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆర్మీ కెప్టెన్‌కి, గ్రూప్ కెప్టెన్ కల్నల్‌కి సరిజోడు. కెప్టెన్ మాటకి లాటిన్‌లో మూలం తల. నేలమీద ఒక కంపెనీకి తలకాయ, నీళ్లమీద మొత్తం ఓడకే తలకాయ, అంతే తేడా.

లెఫ్టినెంట్ సంగతి ఇంకా బాగుంటుంది. ఫ్రెంచిలో 'లియూ' అంటే చోటు, 'టెనెంట్' అంటే పట్టుకుని ఉన్నవాడు, మన టూలెట్ బోర్డుల టెనెంటే. పైవాడు లేనప్పుడు వాడి చోట నిలబడేవాడన్నమాట. ఎమ్మార్వో ఆఫీసులో నాయబ్ తహసీల్దార్ ఉంటాడు చూడండి, ఆ 'నాయబ్' కూడా ఇదే. సైన్యంలో జమేదార్ పేరుని 1965లో నాయబ్ సుబేదార్‌గా మార్చారు.

ఇక్కడ నన్ను చాలా ఏళ్లు తికమక పెట్టిన ముడి ఒకటుంది. లెఫ్టినెంట్ కన్నా మేజర్ పెద్ద కదా, మరి మేజర్ జనరల్ కన్నా లెఫ్టినెంట్ జనరల్ ఎలా పెద్దవాడయ్యాడు? లెఫ్టినెంట్ జనరల్ అంటే జనరల్ చోట నిలబడేవాడు. మేజర్ జనరల్ ఒకప్పుడు సార్జెంట్ మేజర్ జనరల్, వాడుకలో ముందున్న సార్జెంట్ ఊడిపోయింది. సార్జెంట్ అంటే అసలు అర్థం సేవకుడు, కాబట్టి కిందివాడే.

మాటలు కిందికి జారడం మనకీ కొత్త కాదు. మొదటి నిజాం ఉల్ ముల్క్ మొఘలుల తరఫున దక్కన్ సుబేదారు, అంటే ఆరు సుబాలకి (రాష్ట్రాల్లాంటివి) ఏలిక. ఇవాళ సైన్యంలో సుబేదార్, నిన్నగాక మొన్న చేరిన లెఫ్టినెంట్‌కి సెల్యూట్ కొట్టాలి.

ఇదంతా పెద్దమ్మకి అరగంట చెప్పాను. అంతా విని, "అయితే ఆ గ్రూప్ కెప్టెన్ సంబంధమేదైనా ఉంటే చూడరా" అంది. ఆ హోదా వచ్చేసరికి పెళ్లికొడుక్కి నలభై దాటుతాయని చెప్పేలోపే ఫోన్ పెట్టేసింది.