ఎయిర్ తీయడం కాదు, ముందు కొలవండి: పాత మస్టాంగ్‌కి హైడ్రాలిక్ క్లచ్

గేర్‌బాక్సు మార్చాక క్లచ్ సరిగ్గా వదలట్లేదు అని ఎవరితో అన్నా మొదట వచ్చే సలహా ఒకటే: "లైన్లో ఎయిర్ ఉంది, మళ్ళీ బ్లీడ్ చెయ్యి." బ్లీడ్ అంటే క్లచ్ గొట్టంలోని ఫ్లూయిడ్లో చిక్కిన గాలిని బయటికి వదలడం. ఎయిర్ ఉంటే తీయాల్సిందే, కాదనను. కానీ గేర్‌బాక్సు పైకెక్కించేముందు తీసుకోవాల్సిన కొలతలు తీసుకోకపోతే సీసాలకు సీసాలు ఫ్లూయిడ్ పోసినా ఆ పెడల్ బాగుపడదు. పైగా గేర్‌బాక్సు ఎక్కాక ఆ కొలతలు తీయడానికి దారే ఉండదు, మళ్ళీ మొత్తం దించాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాది 1966 మస్టాంగ్, 289 వీ8. ఫ్యాక్టరీ నుంచి సీ4 అనే మూడు గేర్ల ఆటోమేటిక్‌తో వచ్చింది, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ తిరుగుడు తగ్గించే గేరు) లేదు కాబట్టి డాలస్ హైవేల మీద 70 మైళ్ళ వేగంలో ఇంజన్ మొత్తుకుంటూనే ఉంటుంది. దాన్ని తీసేసి ఐదు గేర్ల ట్రెమెక్ టీకేఎక్స్ పెట్టాను. ఆ కాలంలో మాన్యువల్‌గా వచ్చిన మస్టాంగ్‌లకి హైడ్రాలిక్ క్లచ్ (పెడల్ తొక్కుని ఫ్లూయిడ్ ఒత్తిడితో అందించేది) లేదు. పెడల్ నుంచి క్లచ్ ఫోర్క్ (క్లచ్‌ని వదిలించే మీట) దాకా కడ్డీలు, మధ్యలో ఒక కొస ఇంజన్‌కీ ఇంకో కొస బాడీకీ పట్టుకుని తిరిగే జడ్-బార్. బయట కొన్న హెడర్లు (ఇంజన్ పొగ గొట్టాలు) వేస్తే ఆ బార్‌కి చోటు సరిపోదు. మన దగ్గర మారుతీ 800 తోలినవాళ్ళకి కేబుల్ క్లచ్ తెలుసు, కేబుల్ కొసన నట్టు తిప్పి పెడల్ ప్లే సరిచేసుకునేవాళ్ళం. హైడ్రాలిక్‌లో అలాంటి నట్టు ఉండదు. క్లచ్ అరిగేకొద్దీ తనంతట తానే సర్దుకుంటుంది, కాకపోతే అలా సర్దుకోవడానికి చోటు మనమే వదలాలి. అసలు కథంతా ఆ చోటు గురించే.

ఆటోమేటిక్ నుంచి మారేవాళ్ళకి రెండు విషయాలు త్వరగా చెప్పేస్తాను. క్రాంక్ షాఫ్ట్ వెనక పైలట్ బేరింగు (గేర్‌బాక్సు షాఫ్ట్ కొసని మోసేది) ఉండదు, వేసుకోవాలి. ఫ్లైవీల్ కొనేటప్పుడు బ్యాలెన్స్ (ఇంజన్ తిరుగుడు సమం కావడానికి దాని ఒక పక్క ఉంచే తేడా) అడగాలి: పాత 289, 302 ఇంజన్లకి 28 ఔన్సులది, 1980ల మొదట్లో మారిన తర్వాతి 302లకి 50 ఔన్సులది. తప్పుది వేస్తే వచ్చే వణుకు చూసి క్లచ్‌లోనే లోపం ఉందనుకుంటారు.

ఇక క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగు. నేను వాడింది ఫోర్క్ లేని రకం. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ గుండ్రంగా కూర్చునే స్లేవ్ సిలిండరు, దాని ముందు రిలీజ్ బేరింగు, రెండూ ఒకే ముక్క. ఫ్లూయిడ్ వస్తే ముందుకు జరిగి ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి అదిమేది) డయాఫ్రమ్ వేళ్ళని, అంటే దాని స్ప్రింగు కొసల్ని, నొక్కుతుంది. ఇది ఎంత వెనక కూర్చోవాలి అన్నదే అసలు ప్రశ్న.

ఇంజన్‌కి ఫ్లైవీల్, క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్ బిగించి, బోల్టులన్నీ టార్క్ చేసి, బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య క్లచ్‌ని కప్పే డొప్ప) పెట్టేయాలి. వదులుగా పెట్టి కొలిస్తే ఆ లెక్క పనికిరాదు, బోల్టులు బిగిసేకొద్దీ వేళ్ళు కదులుతాయి. బెల్ హౌసింగ్ వెనక ముఖం మీద ఒక తిన్నని పట్టీ అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి వేళ్ళ కొస దాకా లోతు క్యాలిపర్‌తో కొలవాలి. ఇది మొదటి కొలత. తర్వాత గేర్‌బాక్సుకి బేరింగు తొడిగి, దాన్ని పూర్తిగా వెనక్కి నొక్కి, గేర్‌బాక్సు ముఖం నుంచి బేరింగు మూతి దాకా కొలవాలి. ఇది రెండోది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే గ్యాప్. ఈ రకం బేరింగులకి చాలామంది తయారీదార్లు అడిగేది అంగుళంలో 0.150 నుంచి 0.200 వరకు, అంటే సుమారు 4 నుంచి 5 మిల్లీమీటర్లు. మీ కిట్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే ఆ అంకే ఫైనల్.

నాకు షిమ్ములు (సందు పూడ్చే పల్చని రింగులు) లేకుండా 0.260 వచ్చింది. బేరింగు వెనక 0.090 మందం షిమ్ములు వేస్తే 0.170 దగ్గర నిలిచింది.

ఎందుకింత పట్టింపు అంటే, క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ డయాఫ్రమ్ వేళ్ళు గేర్‌బాక్సు వైపుకి జరుగుతాయి, బేరింగుని వెనక్కి నెడతాయి. వెనక చోటు లేకపోతే బేరింగు గోడకి ఆనుకున్నట్టయి, మీరు కాలు పెట్టకపోయినా క్లచ్‌ని సగం తొక్కిపట్టినట్టే ఉంటుంది. కొత్త ప్లేట్ జారుతూ కాలిపోతుంది. అలాగని ఎక్కువ గ్యాప్ వదిలితే బేరింగు తన హద్దు దాటి ముందుకు వెళ్ళి, ఓ-రింగ్ (ఫ్లూయిడ్ కారకుండా ఆపే రబ్బరు రింగు) బయటపడి, బెల్ హౌసింగ్ నిండా ఫ్లూయిడ్. చాలామందికి అర్థం కానిది ఇంకోటుంది: ఈ గ్యాప్ ప్రతిసారీ పెడల్‌తో దాటాల్సిన దూరం కాదు. ఫ్లూయిడ్ నిండాక బేరింగు వేళ్ళ దగ్గరే నిలబడుతుంది, వెనకున్న చోటు అరుగుదల కోసం దాచిపెట్టినది. అందుకే "పెడల్ పైనే అందాలి, గ్యాప్ తగ్గించేద్దాం" అనే తెలివి మాత్రం వద్దు.

రెండో లెక్క మాస్టర్ సిలిండరుది, అంటే పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని బేరింగుకి పంపేది. నాది ముప్పావు అంగుళం బోర్ (లోపలి వ్యాసం). దాని వైశాల్యం 2.85 చదరపు సెంటీమీటర్లు, పెడల్ నుంచి దాన్ని తోసే పుష్‌రాడ్ 28 మిల్లీమీటర్లు కదిలితే దాదాపు 8 సీసీల ఫ్లూయిడ్ వెళ్తుంది. బేరింగు పిస్టన్ వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే అది 10 మిల్లీమీటర్లు కదులుతుంది, నా క్లచ్‌కి అది చాలు. "ఎందుకైనా మంచిది, పెద్దది వేద్దాం" అని 7/8 అంగుళం వేస్తే? అదే తొక్కుకి 36 శాతం ఎక్కువ ఫ్లూయిడ్, బేరింగు 13 మిల్లీమీటర్లు దాటిపోతుంది, పెడల్ కూడా అంతే బరువెక్కుతుంది. ట్రాఫిక్‌లో ఎడమకాలు ఏడుస్తుంది.

ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ) దగ్గర చూడాల్సినవి ఉన్నాయి. 60ల నాటి రేకు పల్చన, మాస్టర్ సిలిండరు బిగించినచోట పెడల్ తొక్కితే రేకు ముందుకు వంగుతుంది, ఆ వంగినంత మేర తొక్కు దండగ. వెనక మందపాటి ప్లేట్ వేయాలి. పుష్‌రాడ్ సిలిండర్లోకి తిన్నగా వెళ్ళాలి. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు పుష్‌రాడ్‌కి కొద్దిగా, ఒక మిల్లీమీటరైనా, ప్లే ఉండాలి. లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రిజర్వాయర్‌కి (ఫ్లూయిడ్ ఉండే డబ్బాకి) వెళ్ళే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది, ఇంజన్ వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్‌కి వెనక్కి వెళ్ళే దారి లేక క్లచ్ దానంతట అదే కొంచెం తొక్కుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారే క్లచ్ ఉంటే మొదట ఈ ప్లే చూడండి. ఇక ఫ్లూయిడ్లో డాట్ 3 రకం కొత్తది 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, డాట్ 4 అయితే 230. హెడర్ పక్కనుంచి గొట్టం పోతుంటే వేడి ఆపే తొడుగు తప్పనిసరి.

అప్పుడే ఎయిర్ తీసే పని. బ్లీడర్ (గాలి బయటికి వదిలే మర) గొట్టాన్ని బెల్ హౌసింగ్ బయటికి తెచ్చుకోవాలి, లేకపోతే చెయ్యి పట్టదు. మా బావమరిది పెడల్ మీద, నేను కింద.

"బావా, గట్టిగా కొట్టనా?"

"వద్దురా, మెల్లగా తొక్కు, మెల్లగా వదులు."

బ్రేకుల్లా దబదబా తొక్కితే బుడగలు ముక్కలై ఫ్లూయిడ్లో కలిసిపోతాయి. ముందు ఊరికే బ్లీడర్ తెరిచి దానంతట దాన్ని కారనిస్తే సగం ఎయిర్ అలాగే వచ్చేస్తుంది.

పెడల్ స్టాప్ కూడా పెట్టాలి, ఇది కిట్‌లో లేకపోయినా. వెనక చక్రాలు గాల్లోకి లేపి, గేర్ వేసి, ఒకరు గేర్‌బాక్సు నుంచి వెనక్కి వెళ్ళే డ్రైవ్‌షాఫ్ట్‌ని తిప్పడానికి చూస్తూ ఉంటే ఇంకొకరు పెడల్ నెమ్మదిగా తొక్కాలి. షాఫ్ట్ స్వేచ్ఛగా తిరగడం మొదలైన చోటు నుంచి ఇంకాస్త కింద స్టాప్ బోల్టు. అక్కణ్ణించి కిందకి పెడల్ వెళ్ళాల్సిన అవసరం క్లచ్‌కి లేదు, వెళ్తే నష్టపోయేది ఓ-రింగే.

రిజర్వాయర్‌ని మాత్రం గీత దాటి నింపకండి. బ్రేక్ ప్యాడ్లు అరిగితే ఫ్లూయిడ్ మట్టం తగ్గుతుంది, ఈ క్లచ్ అరిగితే బేరింగు వెనక్కి జరిగి మట్టం పెరుగుతుంది. నిండుగా పోస్తే ఆ పెరిగిందంతా మూత సందులోంచి పొర్లి ఫైర్‌వాల్ మీద పెయింట్‌ని తినేస్తుంది.