సాలూరు నుంచి కోరాపుట్‌కు సైకిల్ మీద

కోరాపుట్ కొండల్లోకి సైకిల్ మీద వెళ్ళాలనుకునేవాళ్ళు మొదట అడిగేది దూరం. సాలూరు నుంచి కోరాపుట్ ఎనభై కిలోమీటర్లు దాటుతుంది, అంతే. మైదానంలో అయితే తెల్లారి బయల్దేరి భోజనాల వేళకు చేరే దూరం. కానీ సాలూరు సముద్రమట్టానికి 120 మీటర్లకు అటూఇటూ ఉంటే కోరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో పెద్ద భాగం ఒడిశా సరిహద్దు దగ్గరి సుంకి ఘాట్‌లోనే ఎక్కాలి. అందుకే దూరం కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ సైకిల్ వెనక చక్రానికి ఉన్న అన్నింటికన్నా పెద్ద పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళు?

బజార్లో దొరికే గేర్ల సైకిళ్ళలో చాలావాటికి ముందు 42, 34, 24 పళ్ళ చక్రాలు మూడు, వెనక 14 నుంచి 28 పళ్ళ దాకా ఏడు ఉంటాయి. అన్నింటికన్నా తేలిక గేరు ముందు 24, వెనక 28. చక్రం చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు కాబట్టి, పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 1.8 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఆరున్నర కిలోమీటర్లు. మనిషి 70 కిలోలు, సైకిల్ 15, సామాను 15, మొత్తం వంద కిలోలనుకోండి. వంద మీటర్ల దారికి ఆరు మీటర్లు లేచే వాలు మీద ఈ వేగానికి 120 వాట్ల శక్తి కావాలి. ఎనిమిది మీటర్లు లేచే చోట 150 వాట్లు దాటుతుంది. అలవాటున్న మనిషి ఒక గంట ఓర్చుకోగలడు. రెండు మూడు గంటలు అదే పని చేయాల్సివస్తే మోకాళ్ళు పట్టేస్తాయి.

దీనికి తక్కువ ఖర్చుతో అయ్యే మందు 14-34 పళ్ళ ఏడు గేర్ల ఫ్రీవీల్, అంటే వెనక పళ్ళచక్రాల గుత్తి. పాతది విప్పి ఇది బిగిస్తే పెడల్ చుట్టుకు 1.8 మీటర్లు పోయేది 1.5కు తగ్గుతుంది. కాలి మీద పడే బరువులో ఆరోవంతుకు పైగా తగ్గినట్టే. నిమిషానికి అవే 60 చుట్లకు వేగం గంటకు 5.3 కిలోమీటర్లు. అంతకన్నా నెమ్మదిస్తే హ్యాండిల్ నిలకడగా ఉండదు, కాబట్టి ఇంకా చిన్న గేరు కోసం పాకులాడనక్కర్లేదు.

ఫ్రీవీల్ మార్చేటప్పుడు చాలామంది వదిలేసేది చెయిన్. 28 పళ్ళ నుంచి 34కు వెళ్తే చెయిన్ రెండు అంగుళాలు, అంటే నాలుగు లింకులు పెరగాలి. పాత చెయిన్‌నే ఉంచి, ముందు పెద్ద చక్రం మీద ఉండగా పొరపాటున వెనక కూడా పెద్దదానికి మార్చారంటే చెయిన్ బిగుసుకుపోయి, దాన్ని గేరు నుంచి గేరుకు జరిపే డీరెయిలర్‌ను లాగేస్తుంది, డీరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది లేదా విరుగుతుంది. ఆ చిన్న ముక్క ఒక్కో సైకిల్‌కు ఒక్కో రకం. రాయగడలోనూ జయపురంలోనూ వెతికినా మీదానికి సరిపోయేది దొరుకుతుందన్న నమ్మకం లేదు. అదనంగా ఒకటి కొని సంచిలో వేసుకోండి. వెనక డీరెయిలర్ 34 పళ్ళను తీసుకోగలదో లేదో కొనేముందే షాపులో అడగండి.

టైర్ల విషయంలోనూ ఊరి షాపును దృష్టిలో పెట్టుకోవాలి. ఏజెన్సీ ఊళ్ళలో ఏ చిన్న సైకిల్ షాపుకు వెళ్ళినా ఉండేది 28×1½ టైరు, పాత డబుల్‌బార్ సైకిళ్ళది. పేరులో 28 ఉంది కదా అని రోడ్డు, హైబ్రిడ్ సైకిళ్ళకు ఉండే 700సి కొలత రిమ్ముకు ఎక్కించబోతే కుదరదు. దాని లోపలి వ్యాసం 635 మిల్లీమీటర్లు, 700సిది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడాతో వదులుగా వేలాడుతుంది. 26 అంగుళాల ఎంటీబీ (మౌంటెన్ బైకు) టైరు కాస్త పెద్ద ఊళ్ళలో దొరుకుతుంది. ఈ కొండల కోసమే సైకిల్ కొంటుంటే 26 అంగుళాలదే మేలు. మీది 700సి అయితే మడతపడే టైరు ఒకటి, ట్యూబులు రెండు వెంట ఉండాల్సిందే. సన్న వాల్వు ట్యూబుల జోలికి పోకండి, మోటారు సైకిల్ పంపుతో గాలి కొట్టించుకోగల లావు వాల్వు వేయించుకోండి. 40 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు టైరుకు, వంద కిలోల మొత్తం బరువుకు వెనక 50, ముందు 40 పీఎస్ఐ గాలి చాలు.

విరిగేది ఎప్పుడూ వెనక చక్రం పుల్లే, అదీ ఫ్రీవీల్ వైపుది. సామానంతా వెనక క్యారియర్ మీదే పడటం ఒక కారణం, చక్రం బిగించినప్పుడు ఆ వైపు పుల్లలు ఎక్కువ బిగువు మీద ఉండటం ఇంకో కారణం. కొత్త పుల్ల దూర్చాలంటే ఫ్రీవీల్ విప్పాలి, దానికి ఆ ఫ్రీవీల్ గాడికి సరిపోయే చిన్న సాధనం కావాలి. పెద్ద పానా ఏ షాపులోనైనా ఉంటుంది, ఆ సాధనం మాత్రం ఉండదు. సరైన పొడవున్న పుల్లలు నాలుగు సీటు గొట్టం పక్కన టేపుతో అంటించి, సాధనం జేబులో వేసుకుంటే గంటలో పని అవుతుంది.

ఇక బ్రేకులు. విశాఖ నుంచి రైలెక్కి కోరాపుట్‌లో దిగి, అక్కణ్ణుంచి సాలూరుకు జారుకుంటూ వచ్చేద్దామని చాలామంది అనుకుంటారు. కాళ్ళకు తేలికే. ప్రమాదమంతా అందులోనే ఉంది. వంద కిలోల బరువు 700 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి రెండు లీటర్లకు పైగా చన్నీళ్ళను మరిగించగలదు. అందులో కొంత గాలిలో పోయినా, మలుపుమలుపుకూ వేగం తగ్గించే చోట మిగతాదంతా రిమ్ములోకో డిస్కులోకో వేడిగా దిగాల్సిందే. రిమ్ము కాలితే ట్యూబులో గాలి వ్యాకోచించి టైరు గట్టు దాటి పేలుతుంది. డిస్కు అయితే ప్యాడ్ పైపొర గాజులా గట్టిపడి, ఎంత నొక్కినా పట్టదు. వానలో ఇంకో బాధ: ఎర్రమట్టి, ఇసుక కలిసిన నీళ్ళు రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మధ్య ఆకురాయిలా పనిచేస్తాయి. మైదానంలో ఏడాది వచ్చే రబ్బరు రెండు దిగుళ్ళకే అరిగిపోవచ్చు.

అందుకే ఈ ఘాట్‌ను తొక్కి ఎక్కండి, వెనక్కి రైల్లో రండి. దిగక తప్పని చోట బ్రేకును అదేపనిగా పట్టి ఉంచకుండా, మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగి చల్లారనివ్వాలి. రిమ్ము మీద నీళ్ళు చిలకరించి చూడండి, చుర్రుమంటే ఇంకా ఆగాలి. వేలితో ముట్టుకోవద్దు.

సాలూరులో రాత్రి ఉండి తెల్లవారుజామున అయిదున్నరకు కదలడం మంచిది. ఇది 26వ నంబరు జాతీయ రహదారి, కోరాపుట్, జయపురం వైపు సరుకు లారీలన్నీ ఇటే. బరువున్న లారీ హెయిర్‌పిన్ మలుపు తిరిగేటప్పుడు రోడ్డంతా తీసుకుంటుంది, వెనక చక్రాలు లోపలి అంచును రాసుకుంటూ వస్తాయి. లారీ చప్పుడు వినగానే మలుపుకు ముందే ఎడమపక్క దిగి నిలబడండి. ఎదురుగా ఎవరూ లేకపోతే, ఎక్కేటప్పుడు ఎడమ మలుపుల్లో లోపలి అంచును వదిలి కాస్త బయటికి తిరగండి. లోపలి అంచు దగ్గరే వాలు అన్నింటికన్నా నిటారుగా ఉంటుంది. రెండడుగులు బయటికి జరిగితే పెడల్ మీద తేడా వెంటనే తెలుస్తుంది.

సుంకి దగ్గర ఒడిశాలో అడుగుపెడతాం. పొట్టంగి దాకా ఎక్కుడు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది, ఆపైన పీఠభూమి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తున్నా మనిషికి మూడు లీటర్ల నీళ్ళు ఉండాలి. బోరింగు నీళ్ళయితే కాచినవో వడకట్టినవో తాగండి. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. సంతరోజు అయితే చోడి అంబలి దొరుకుతుంది, ఇక్కడివాళ్ళు మాండియా పేజ్ అంటారు. ఎండలో తొక్కే మనిషికి అంతకన్నా మంచి తిండి నాకు తెలియదు, చక్కెర కంటే నెమ్మదిగా ఒంటికి పడుతుంది. మొదటి రాత్రికి సెమిలిగుడ చేరితే చాలు. అక్కణ్ణుంచి కోరాపుట్ ఇరవై కిలోమీటర్లలోపే, మర్నాడు ఉదయం పని. డిసెంబరు చివర్లో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది, పొద్దుటే మంచు కమ్ముతుంది, ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. వెనక ఎర్రలైటు పగలు కూడా వెలగనివ్వండి.

సెమిలిగుడలో ఒకరోజు ఆగగలిగితే దేవమాలి ఉంది, 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నింటికన్నా ఎత్తైన శిఖరం. ఆ ఎక్కుడు ఘాట్ రోడ్డు కంటే నిటారు. సామాను లాడ్జిలో వదిలి ఖాళీ సైకిల్‌తోనే వెళ్ళాలి, కొన్నిచోట్ల దిగి తోయాల్సి వచ్చినా సిగ్గుపడనక్కర్లేదు.

లారీలు వద్దనుకునేవాళ్ళకు అరకు నుంచి పాడువా, నందపూర్ మీదుగా సెమిలిగుడ చేరే దారి ఉంది. అరకు 900 మీటర్లు దాటిన ఎత్తులోనే ఉంది కాబట్టి ఒక్కసారిగా ఎక్కే బాధ లేదు, గెడ్డలు దాటుతూ దిగడం, మళ్ళీ ఎక్కడం. నా లెక్కలో ఈ ప్రాంతంలో సైకిల్‌కు తగిన దారి ఇదే. మరమ్మతుకు మాత్రం మధ్యలో ఏమీ దొరకదనుకునే బయల్దేరాలి.

రాయగడ నుంచి లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా వచ్చే 326వ నంబరు రహదారి ఇంకో రకం. రాయగడ 207 మీటర్లు, కోరాపుట్ 870. తేడా 660 మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఎక్కింది దిగి, దిగింది మళ్ళీ ఎక్కాలి కాబట్టి మొత్తం ఎక్కుడు దానికన్నా బాగా ఎక్కువ. రెండు రోజులు పెట్టుకోండి. అదే కొండల్లో కోరాపుట్-రాయగడ రైలుమార్గం ఉంది, సైకిల్ పాడైతే టికిరి, లక్ష్మీపూర్ రోడ్డు, కాకిరిగుమ్మ, దామన్‌జోడి లాంటి స్టేషన్లు ఆసరా.

పర్లాకిమిడి వైపువాళ్ళకు ఆర్.ఉదయగిరి, మోహన మీదుగా చంద్రగిరి, జిరంగో టిబెటన్ల ఆరామం దాకా మరో మంచి దారి. దానికి వేరే వివరంగా రాయాలి.

ఫోనులో దారి వెతికేటప్పుడు పేర్లు మోసం చేస్తాయి. అనంతగిరి కొండల్లో శిమిలిగుడ రైల్వేస్టేషను ఉంది, అది సెమిలిగుడ పట్నం కాదు. రాయగడ జిల్లా కేంద్రం ఒకటైతే గజపతి జిల్లాలో రాయగడ పేరుతో ఒక బ్లాకు ఉంది. ఉదయగిరులూ రెండు, గజపతిలోది ఆర్., కంధమాల్‌లోది జి. పటం ముందే దించుకుని, ప్రతి పేరు పక్కన జిల్లా చూసుకోండి. పైన చాలాచోట్ల సిగ్నలు రాదు. రాయగడ, జయపురాల్లో తెలుగు నడుస్తుంది, పై ఊళ్ళలో దేసియా, కువి మాటలు, బోర్డులన్నీ ఒడియా.

ఇవన్నీ మలేరియా ఉన్న జిల్లాలు. దోమతెర మడిచి సామానులో పెట్టండి. తిరిగొచ్చిన రెండు మూడు వారాలకు జ్వరం వచ్చినా, ఎక్కడికి వెళ్ళొచ్చారో డాక్టరుకు చెప్పి అదేరోజు రక్తపరీక్ష చేయించుకోండి. వానాకాలం ఈ దారులు వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి సరైన కాలం.

వెనక్కి రైల్లో రావడానికి కోరాపుట్ స్టేషనే మేలు, ఊరి హాల్టుల్లో బండి రెండు నిమిషాలు కూడా ఆగదు, సైకిల్ ఎక్కదు. గంట ముందే పార్సిల్ కౌంటరుకు వెళ్ళి, టికెట్టు, గుర్తింపు కార్డు నకలు చూపి లగేజీగా బుక్ చేయాలి. అట్టముక్క మీద పేరు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను రాసి రెండుచోట్ల కట్టండి. పంపు, లైట్లు, సీసాలు విప్పి మీతోనే పెట్టుకోండి. డీరెయిలర్ మీద బరువు పడకుండా వెనక గేరును పెద్ద చక్రం మీదికి మార్చి, దాని చుట్టూ పాత గుడ్డ చుట్టండి. దించుకున్నాక రసీదు ఇచ్చేముందు వెనక చక్రం ఒకసారి తిప్పి, హ్యాంగర్ వంగలేదని చూసుకోండి.