గిన్నెల్లో కాదు, గోడలో ఉంది ఆ వాసన

మా అత్తయ్య మూడు రోజులుగా చెబుతూనే ఉన్నారు, రాత్రి అంట్లు డిష్‌వాషర్‌లో వేశాక ఏదో మాడుతున్న వాసన వస్తోందమ్మా, చేపల నీచులా ఉంది అని. మా ఇంట్లో చేపలు వండం. పక్క ఫ్లాట్ వాళ్లు వండుకుంటున్నారేమోలే అనుకుని నేను పట్టించుకోలేదు. ఆ మూడు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాలుగో రోజు నాకే తెలిసింది. తొమ్మిదిన్నరకి మెషీన్ ఆన్ చేసి హాల్లో కూర్చున్నాను. మొదట ఏమీ లేదు, ఓ పావుగంటయ్యాక గుప్పున వచ్చి, కాసేపటికి తగ్గిపోయి, చివర్లో మళ్లీ వచ్చింది. అప్పుడు తట్టింది, ఇది హీటర్ పని చేసే టైమ్ కదా అని. డిష్‌వాషర్ మొదట చల్లటి నీళ్లతోనే తిప్పుతుంది, అప్పుడు మోటార్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. తర్వాత నీళ్లు వేడి చేసేటప్పుడు, చివరగా వేడి నీళ్లతో కడిగేటప్పుడే అసలు లోడ్ పడుతుంది. మా మెషీన్ తలుపు అంచున ఉన్న స్టిక్కర్ మీద 2000 వాట్లని ఉంది. 230 వోల్టులకి లెక్కేస్తే దాదాపు 9 ఆంప్స్.

ముందు లోపలే వెతికాను. ఫిల్టర్ తీసి కడిగాను, మూడు మెతుకులూ ఒక కరివేపాకూ తప్ప ఏమీ లేవు. టిఫిన్ బాక్సుల ప్లాస్టిక్ మూతలు కింది అరలో పెడితే కరిగి హీటర్ మీద పడతాయంటారు కదా, అది హీటర్ రాడ్ అడుగున బయటికే కనబడే మెషీన్లలో. మా దాంట్లో హీటర్ కింద లోపలెక్కడో ఉంటుంది, పైనుంచి ఏదీ దాని మీద పడదు. కంపెనీ సర్వీసు అబ్బాయిని పిలిచాం. వచ్చాడు, తలుపు తెరిచి చూశాడు, మోటార్ పోతోందేమో, మార్చాల్సి రావచ్చన్నాడు, విజిట్ ఛార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. వెనక వైపు చూడనేలేదు, నాకు కోపం వచ్చింది దానికే.

నాకు మాత్రం ఒక విషయం తేడాగా అనిపించింది. మళ్లీ మెషీన్ వేసి, వాసన రాగానే ఆపి తలుపు తీస్తే లోపలి ఆవిరిలో అంట్లు కడిగే సబ్బు టాబ్లెట్ వాసన తప్ప ఇంకేమీ లేదు. నీచు వాసన మాత్రం మెషీన్‌కీ గోడకీ మధ్య సందులోంచి వస్తోంది. వెంటనే మెయిన్ బోర్డు దగ్గరికి పరిగెత్తి డిష్‌వాషర్ లైన్ ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్, దించేశాను, ఓ గంట ఆగి మెషీన్‌ని మెల్లగా ముందుకి లాగాం. టార్చ్ వేసి చూస్తే తెల్లటి సాకెట్ కుడి పక్క ముదురు బెల్లం రంగులోకి మారిపోయి, ఆ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ అప్పడంలా పొంగి ఉంది. ప్లగ్గు లాగితే కాస్త అతుక్కుని ఊడింది. మూడు పిన్నుల్లో ఒకటి నల్లగా మాడిపోయింది. అత్తయ్య దగ్గరగా వాసన చూసి, ఇదేనమ్మా, ఇదే అన్నారు. స్విచ్చులు, సాకెట్ల తయారీలో వాడే కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్ వేడెక్కితే అచ్చం నీచు వాసనే వస్తుందట.

పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. "లూజ్ కాంటాక్ట్ మేడమ్" అని సాకెట్ విప్పి చూపించాడు. లోపల స్క్రూ వదులైపోయి ఉంది, వైరు తొడుగు గట్టిపడి, వంచితే ఎండుపుల్లలా పుటుక్కున విరిగింది. ఇంత జరుగుతుంటే ఎంసీబీ ఎందుకు పడలేదన్నా అని అడిగాను. కరెంటు ఎక్కువ లాగితేనో, షార్ట్ అయితేనో అది పడుతుంది మేడమ్, ఇక్కడ 9 ఆంప్సే వెళ్తోంది, 16 ఆంప్స్ ఎంసీబీకి అంతా మామూలుగానే ఉన్నట్టు అన్నాడు. వైరు సరిగ్గా పట్టుకోని ఆ ఒక్క చోట కరెంటుకి అర ఓమ్ అడ్డు (రెసిస్టెన్స్) ఏర్పడినా, 9 ఆంప్స్ దగ్గర 40 వాట్ల వేడి పుడుతుంది. వైర్లు అతికించే 25 వాట్ల సోల్డరింగ్ ఐరనే టంకం లోహాన్ని కరిగిస్తుంది. అంతకంటే ఎక్కువ వేడి మా గోడలో రోజూ రాత్రి, మేం పడుకునే ముందు పుడుతోందన్నమాట.

వైరుని మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త 16 ఆంప్స్ సాకెట్ పెట్టి, స్క్రూలు బాగా బిగించాడు. మెషీన్ త్రాడుకి ప్లగ్గు కూడా కొత్తది వేశాడు, మాడిన పిన్ను కొత్త సాకెట్‌ని కూడా పాడు చేస్తుందట. పాయింట్‌ని మెషీన్ వెనక నుంచి తీసి పక్క అల్మరాలోకి మార్పించాను, ఇప్పుడు తలుపు తెరిస్తే ప్లగ్గు కనబడుతుంది. డిష్‌వాషర్‌ని సన్న పిన్నుల కన్వర్టర్ పెట్టి మామూలు 6 ఆంప్స్ పాయింట్‌లోనో, ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఈ రోజే ఆపేయండి. అద్దె ఇల్లని ఊరుకోకండి, ఓనర్‌తో మాట్లాడండి.

రబ్బరు కాలిన వాసనతో పాటు గుర్రుమనే శబ్దం కూడా వస్తే అది వేరే సంగతి, పంపులో నిమ్మగింజో గాజుముక్కో ఇరుక్కుని ఉండొచ్చు. ఏ వాసనైనా ముందు ఎంసీబీ దించండి, వేడిగా ఉన్న ప్లగ్గుని చేత్తో పట్టి లాగొద్దు, అక్కడ నీళ్లు అసలే పోయొద్దు.

ఆ రాత్రి మెషీన్ వేసి, హీటర్ టైమ్ దాటాక స్విచ్ ఆపి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా కూడా లేదు. అత్తయ్య కూడా వచ్చి ముట్టుకుని చూశారు. ఎందుకైనా మంచిదని బాత్రూమ్ గీజర్ పాయింట్ కూడా విప్పించాం, అందులోనూ ఒక పక్క గోధుమరంగు తిరిగి ఉంది. దానికి వైరే మార్చాలి, శనివారం వస్తానన్నాడు. అప్పటిదాకా స్నానాలకి నీళ్లు గ్యాస్ మీదే కాస్తున్నాం.