సీఎస్ఆర్ నిధులతో కనిగిరి వైపు ఒక బడికి మంచినీళ్లు: నా అనుభవం

నేను హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో, నీటి శుద్ధి విభాగంలో పనిచేస్తున్నాను. మా ల్యాబ్‌లో రూపొందించిన మెంబ్రేన్ ప్లాంటును (సన్నటి పొర గుండా నీటిని వడకట్టే యంత్రం) ఆంధ్రప్రదేశ్‌లో కనిగిరి వైపు ఒక హైస్కూల్లో పెట్టించాలి, దానికి ఒక కంపెనీ నుంచి సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు తేవాలి. ఈ పని నాకు అప్పగించారు. ప్లాంటు బిగించడం తేలికే. అక్కడిదాకా చేరడం ఎలాగో ఇలాంటి పనిలోకి దిగబోయేవాళ్ల కోసం రాస్తున్నాను.

కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ బాధ పాతదే. నేలలోని రాతి పొరల నుంచి బోరు నీళ్లలోకి దిగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకోవచ్చు అని మన దేశ ప్రమాణం. ఆ బడి బోరులో దానికి రెండింతల కంటే ఎక్కువే ఉంది. ఆరో తరగతి పిల్లల పళ్ల మీద అప్పటికే గోధుమరంగు చారలు. వెలిగొండ ప్రాజెక్టు నుంచి కృష్ణా నీళ్లు వచ్చేదాకా ఆగమని ఆ పిల్లలకు ఎలా చెప్తాం?

నల్లగొండ పద్ధతి అని ఒకటుంది. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. పటిక, సున్నం కలిపితే ఫ్లోరైడ్ బురదతో పాటు అడుక్కి దిగుతుంది. చవకే కానీ రోజూ కొలత తప్పకుండా కలిపే మనిషి ఉండాలి, ఆ బురద పారబోయడానికి చోటుండాలి. బడిలో ఆ బాధ్యత ఎవరి నెత్తిన పెట్టినా నాలుగు రోజులకే మూలన పడుతుందని మెంబ్రేన్ వైపు మొగ్గాం.

ఇక డబ్బు సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దేని మీద పెట్టవచ్చో ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఉంటుంది. పరిశోధన సంస్థ అనగానే అందరి చూపూ శాస్త్ర పరిశోధనకు ఇచ్చే విరాళాల అంశం మీదికే పోతుంది. మేం అలా అడగలేదు. మొదటి అంశంలోనే సురక్షిత తాగునీరు అని స్పష్టంగా ఉంది, దాని కిందే ప్రతిపాదన రాశాం. అడిగేది ల్యాబ్‌కి కాదు, ఊరికి అని కంపెనీ కమిటీకి మొదటి పేజీలోనే తెలియాలి.

కాగితాలు చాలానే అడిగారు. కంపెనీల తరఫున ఇలాంటి పనులు చేసే సంస్థలకు సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు) 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి, అది లేకపోతే ఫైలు కదలదు. ఒప్పందం ముసాయిదా మా లీగల్ సెక్షన్‌కీ వాళ్ల లీగల్ టీమ్‌కీ మధ్య చాలాసార్లు తిరిగింది. అసలు టెన్షన్ ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 గురించి. ఆలోపు బిల్లులన్నీ అయిపోవాలని కంపెనీ తొందర, ప్రభుత్వ సంస్థగా మా కొనుగోలేమో టెండరు పద్ధతిలో జరగాలి. చివరికి దీన్ని కొనసాగే ప్రాజెక్టుగా వాళ్ల బోర్డుతో ఆమోదింపజేశాం. అప్పుడు మిగిలిన సొమ్మును ఏప్రిల్ 30లోగా ప్రత్యేక ఖాతాలో వేసి, ఆ తర్వాత మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు. ఈ వెసులుబాటు ముందే అడగండి. తొందరలో కొన్న ప్లాంట్లు ఎలా ఉంటాయో నేను చూశాను.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ప్లాంటు ఎవరిది? సీఎస్ఆర్ సొమ్ముతో కొన్న ఆస్తిని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదు. నిబంధన ప్రకారం అది రిజిస్టరయిన సేవాసంస్థకు గానీ, లబ్ధిదారుల సంఘానికి గానీ, ప్రభుత్వ సంస్థకు గానీ చెందాలి. ఊళ్లో డ్వాక్రా మహిళల సంఘం దాన్ని తీసుకోవడానికి ముందుకొచ్చింది. బడి వరండాలో కూర్చుని ప్లాంటు బొమ్మ చూపిస్తూ వివరిస్తుంటే వెనక వరసలోంచి ఒకామె లేచింది.

"మంచినీళ్లు ఇటొస్తాయి, సరే. మరి వదిలేసే నీళ్లు ఎటు పోతాయి సార్?"

మెంబ్రేన్ ఫ్లోరైడ్‌ని మాయం చేయదు. ఒకవైపు శుద్ధమైన నీరు, రెండోవైపు ఫ్లోరైడ్ చిక్కబడిన నీరు. ఆ రెండోది కాలవలోకి వదిలితే మళ్లీ భూమిలోకే ఇంకుతుంది. ఆమె ఈ మాట అడగడం నాకెంతో సంతోషం కలిగించింది. మా డ్రాయింగులో ఆ నీటికి పైపు మరుగుదొడ్ల ట్యాంకుకు, మిగిలింది ప్లాస్టిక్ షీటు పరిచిన ఆవిరి గుంటకు ఉంది. అదంతా గీసి చూపించాను. కరెంటు బిల్లు ఎవరు కడతారు, మెంబ్రేన్ పాడైతే ఎంతవుతుంది అని మిగతావాళ్లు ఒక్కొక్కటే అడిగారు. కరెంటు పంచాయతీ భరించేలా తీర్మానం అయింది. ఊరివాళ్లకి క్యాను మీద చిన్న రుసుము పెట్టి, ఆ డబ్బు మెంబ్రేన్ మార్పిడికే దాచాలని వాళ్లే నిర్ణయించుకున్నారు. బడి పిల్లలకు మాత్రం ఉచితం.

ప్లాంటు మొదలుపెట్టిన రోజు ఫ్లోరైడ్ మీటరు నేనే తీసుకెళ్లాను. కొలత సరిగా రావడానికి బఫర్ అనే ద్రావణం కలిపిన శాంపిల్‌లో మీటరు ఎలక్ట్రోడ్ ముంచితే అంకె నెమ్మదిగా నిలబడుతుంది. 1 లోపే ఆగింది. హెడ్మాస్టరు గారు ఇంకోసారి చూపించమన్నారు, మళ్లీ చూపించాను.

ఖర్చుల ధ్రువపత్రం కంపెనీకి పంపగానే నియమం ప్రకారం మా పని పూర్తయినట్టే. కానీ ప్రజల డబ్బుతో నడిచే ల్యాబ్ అక్కడ చేయి దులుపుకోకూడదని నా గట్టి నమ్మకం. అందుకే సంఘంలో ఇద్దరికి శిక్షణ ఇచ్చాం. రోజూ టీడీఎస్ పెన్నుతో (నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న పరికరం) చూసి నోటుబుక్కులో రాస్తారు, అంకె పెరగడం మొదలైతే మెంబ్రేన్ సంగతి ముందే తెలుస్తుంది. నెలనెలా ఒక శాంపిల్ ఆర్టీసీ కార్గోలో మా ల్యాబ్‌కి వస్తుంది. గాజుతో ఫ్లోరైడ్‌కి పడదు కాబట్టి ప్లాస్టిక్ సీసాలోనే పంపమని చెప్పాం. ఇప్పుడు పక్క ఊరి బడికి ప్రతిపాదన రాస్తున్నాం. ఈసారి శిక్షణ, మూడేళ్ల నిర్వహణ ఖర్చు బడ్జెట్‌లోనే విడిగా చూపించాం, కంపెనీ కమిటీ దాని మీద వివరణ అడిగింది, పంపించాం.