ట్రాన్స్‌ఫార్మర్ దొంగతనం, ఎఫ్‌ఐఆర్ కోసం తిరుగుడు: నా అనుభవం

నెల్లూరు జిల్లా పొదలకూరు వైపున నాకున్న మూడెకరాల నిమ్మతోటకు ఒక్క బోరే ఆధారం. 2025 మార్చిలో ఒక రోజు తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లేసరికి, మా ఐదుగురు రైతుల మోటార్లకు కరెంటు ఇచ్చే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ స్తంభాల కింద బోర్లా పడి ఉంది. పైమూత బోల్టులు విప్పి, ఆయిలంతా గట్టు మీద పారబోసి, లోపలి రాగి చుట్టలను ఎత్తుకుపోయారు. ఆయిలు పారినంత మేరా గడ్డి నల్లబడిపోయింది, ఆ జిడ్డు మట్టిలో రెండు జతల చెప్పుల గుర్తులు అచ్చు వేసినట్లు కనిపించాయి. స్టార్టర్ పెట్టె నుంచి నా బోరు వరకు ఉన్న రాగి కేబులును కూడా కోసుకుపోయారు.

వెంటనే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకున్నాను. లైన్‌మన్ వచ్చి చూసి, "అన్నా, పోలీసు కాగితం లేకుండా మా వాళ్లు కొత్తది ఇవ్వరు, ముందు ఆ పని చూసుకోండి" అన్నాడు. స్టేషన్‌కు వెళితే, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ శాఖ సొత్తు కాబట్టి వాళ్లే వచ్చి ఫిర్యాదు ఇవ్వాలన్నారు. విద్యుత్ కార్యాలయంలో అడిగితే రైతులు ఇస్తే చాలన్నారు. మరునాడు మళ్లీ వెళితే, మీ పొలం పక్క స్టేషన్ పరిధిలోకి వస్తుందేమో చూసుకోమని పంపించారు. ఇలా నాలుగు రోజులు గడిచిపోయాయి. వేసవి కాయకే ధర పలికే నిమ్మకు ఆ రోజుల్లో నీటి తడి తప్పితే పిందె నిలవదన్న సంగతి ఈ ప్రాంతపు రైతులకు నేను చెప్పనక్కరలేదు. చెట్టు కింద రాలిన పచ్చి పిందెలను దోసిళ్లతో ఎత్తుతుంటే కలిగిన బాధ ఇప్పటికీ నా మనసులో ఉంది.

నెల్లూరులో ప్లీడరుగా ఉన్న మా మేనమామకు విషయం చెప్పాను. "ఒరేయ్, సొత్తులు రెండు, వాటి యజమానులు ఇద్దరు. ఒకే కాగితంలో కలిపి రాస్తే ఎవరికి వారు తప్పించుకుంటారు" అని ఆయన చెప్పిన మాటతోనే నాకు దారి దొరికింది. విద్యుత్ పరికరాల దొంగతనానికి 2003 విద్యుత్ చట్టంలోని 136వ సెక్షన్ ఉందనీ, నా కేబులు పోవడం నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద మామూలు దొంగతనమనీ ఆయన వివరించారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన, పోలీసులు కేసు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలనీ, ఎఫ్‌ఐఆర్ నకలును ఉచితంగా ఇవ్వాలనీ, నిరాకరిస్తే ఫిర్యాదు సారాంశాన్ని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చనీ కూడా చెప్పారు. ఈ సంగతులు మొదటి రోజే తెలిసి ఉంటే నా తోటకు ఇంత నష్టం జరిగేది కాదు.

ఐదో రోజున సర్వే నంబరు, కరెంటు సర్వీసు నంబరు, కేబులు పొడవు రాసి, కొన్ననాటి బిల్లు జతచేసి నా ఫిర్యాదును విడిగా సిద్ధం చేశాను. ట్రాన్స్‌ఫార్మర్ గురించి, దాని నంబరుతో సహా, విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి చేత వేరే ఫిర్యాదు రాయించాము. రెండింటినీ ఒకేసారి ఎస్సై గారి ముందు పెట్టి, తీసుకోలేకపోతే ఎస్పీ గారికి పంపుకుంటానని మర్యాదగానే చెప్పాను. సాయంత్రానికి ఎఫ్‌ఐఆర్ నకలు చేతికి వచ్చింది.

ఆ తరువాతి పనులు పెద్ద చిక్కు లేకుండానే సాగి, దొంగతనం జరిగిన పదకొండో రోజున కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించారు. అప్పటికి కాపులో మూడో వంతు పోయింది. ఇప్పుడు మా ఐదుగురి ఫోన్లలోనూ ట్రాన్స్‌ఫార్మర్ నంబరు ఫొటో ఉంది. కేబులును ఇనుప గొట్టంలో పెట్టి భూమిలో పూడ్చాము, రాత్రిళ్లు వంతులవారీగా తోటల వైపు తిరిగి వస్తున్నాము. దొంగలు మాత్రం ఇంకా దొరకలేదు. నెలకోసారి ఆ ఎఫ్‌ఐఆర్ నంబరు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లి, కేసు ఎంతవరకు వచ్చిందో అడిగి వస్తున్నాను.